కోరంగి ఓడల విద్య

యానామునకు చేరువనున్న కోరంగి ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టు రేవు. ఆ పేరుతోనే బర్మాలో తెలుగువారిని ‘కోరంగీ’లనెడివారు. 1789, 1839 సంవత్సరముల ఉప్పెనలు, ఇసుక మేటలు, పొగఓడల పోటీ ఆ వైభవమును హరించినవి. పొరుగున తాళ్లరేవులో మాత్రము వడ్రంగులు నేటికిని కొయ్య పడవలు కట్టుచున్నారు.

గుమాస్తాగా బ్రదికిన నాకు కాగితముపై గౌరవము మెండు. ఐనను ఈ విద్య కాగితమున నిలుచునది కాదు. 2025లో భారత నౌకాదళమున చేరిన ‘కౌండిన్య’ యను తెరచాప ఓడయే నిదర్శనము. అజంతా చిత్రము దానికి రూపము నిచ్చినది. పలకలను కొబ్బరిత్రాటితో కుట్టినవి కేరళ పనివారల చేతులు.

పాత ఓడను ప్రదర్శనశాలలో నుంచుట మంచిదే. అంతకు ముందు తాళ్లరేవు పెద్ద వడ్రంగులకడ కుర్రవారు పని నేర్చు ఏర్పాటు కావలెను. మన సంఘములు దీనికి పూనుకొనవలెనని నా మనవి.