ఇరవై ఏళ్ళకొక కొత్త గుడి

1,300 ఏళ్ళ చరిత్ర గల గుడి అనగానే మీకేం తోస్తుంది? పాచి పట్టిన గోడలూ, అరిగిన మెట్లూ, అంతేనా? జపాను దేశంలోని ఇసే ఆలయం అలా ఉండదు. దానికి అంత చరిత్రా ఉన్నది. కాని ఇప్పుడున్న గుడి కట్టింది 2013లో!

ఈ వింత చూడాలంటే నగోయా నగరంలో రైలెక్కండి. సుమారు గంటన్నరలో ఇసే చేరతారు. అక్కడ ఇసుజు నది మీద 100 మీటర్ల పొడవున కొయ్య వంతెన ఉన్నది. దానికి ఈ చివరా ఆ చివరా కొయ్యతో చేసిన ద్వారాలున్నాయి. వాటిని 'తోరీ' అంటారు. షింటో మతస్థులు తోరీ ముందు తలవంచి లోపలికి పోతారు. మీరూ అలాగే చెయ్యండి.

వంతెన దాటాక పెద్ద పెద్ద చెట్ల మధ్య కంకర దారి. తొట్టిలోని నీటిని గరిటెతో తీసుకుని చేతులు కడుక్కోవాలి, నోరు పుక్కిలించాలి. చివరి మెట్ల దగ్గర ఫోటోలు మానాలి. పైన ఉన్నది సూర్యదేవత అమతెరాసు ఆలయం. యాత్రికులను లోపలికి పోనివ్వరు. కంచెల మీదుగా గుడి కప్పు మాత్రం కనిపిస్తుంది. అక్కడ రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగి నమస్కరించాలి.

"ఇంత దూరం వచ్చి గుడి చూడనే లేదే!" అనుకుంటున్నారా? పక్కనే, అంతే కొలత గల ఖాళీ స్థలం ఉన్నది. 2033లో కొత్త గుడి లేచేది అందులోనే.

ఈ గుడి స్తంభాలకు పునాదిరాళ్ళు లేవు. వాటిని నేలలోనే పాతుతారు. పైకప్పు గడ్డి. చెమ్మకు ఇవి ఎన్నాళ్ళు ఆగుతాయి? అందుకే 690లో మొదలుపెట్టి, సుమారు 20 ఏళ్ళకొకసారి, అవే కొలతలతో మళ్ళీ కడుతూ వస్తున్నారు. 2013లో జరిగింది 62వ సారి. 15, 16 శతాబ్దాల యుద్ధాలలో 120 ఏళ్ళకు పైగా ఈ పని ఆగింది. అయినా తిరిగి ప్రారంభించారు.

దీనివల్ల ఒక గొప్ప లాభం ఉన్నది. ఇరవై ఏళ్ళ వడ్రంగి పెద్దలకు పనిముట్లు అందిస్తూ నేర్చుకుంటాడు. నలభయ్యో ఏట తానే కడతాడు. అరవయ్యో ఏట కుర్రవాళ్ళకు నేర్పుతాడు. కొయ్య శిథిలమైనా విద్య శిథిలం కాదు.

తిరిగి వచ్చేటప్పుడు వంతెనకు గుడి వైపున ఉన్న తోరీని మరొకసారి చూడండి. దాని స్తంభాలు 2013 దాకా 20 ఏళ్ళపాటు గుడి కప్పును మోసిన నిట్రాళ్ళే! మీకు లోపల కనిపించని పాత గుడి, మిమ్మల్ని సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.