నిల్వ ఎంత?

ప్రియమైన తమ్ముళ్లారా,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు "మేము చదివిన పుస్తకాలు" మీద నాలుగు మాటలు రాయమని అడిగారు. 2003 నుంచి 2006 వరకు ఇక్కడ ఉండి డిగ్రీ చదివిన ఆరుగురం కలిసి ఇది రాస్తున్నాం. పుస్తకాల పేర్లు చెప్పేముందు ఒక రిజిస్టరు గురించి చెప్పాలి.

మేం చేరేనాటికి మా ట్రంకు పెట్టెల్లో గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు తప్ప వేరే పుస్తకం లేదు. ఊళ్లోని శాఖా గ్రంథాలయం కార్డు మాలో ఒకడికే ఉండేది. వాడు తెచ్చిన పుస్తకాన్ని ఆరుగురం వంతులేసుకుని చదివేవాళ్లం. విశాలాంధ్రవాళ్ల పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు, సెలవుల్లో పత్తికీ మిరపకాయకూ పోయి సంపాదించిన దాంట్లో మిగిలిన పదీ ఇరవై పోగేసి ఒకటో రెండో కొనేవాళ్లం. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియక గొడవలయ్యేవి. అది చూసి వార్డెన్ గారు సగం వాడిన పాత సరుకుల రిజిస్టరు ఒకటి ఇచ్చి, "ఇందులో రాసుకోండి, అరుపులు మానండి" అన్నారు.

అందులో తేదీ, సరుకు, వచ్చినది, ఖర్చు, నిల్వ అని అయిదు గళ్లు. కందిపప్పు, చింతపండు లెక్కలు ముగిసిన పేజీ తర్వాత మా లెక్కలు మొదలయ్యాయి. సరుకు దగ్గర పుస్తకం పేరు, వచ్చినది దగ్గర ఎవరిచ్చారో, ఖర్చు దగ్గర ఎన్ని రోజులు పట్టిందో రాసేవాళ్లం. నిల్వ దగ్గర ఏం రాయాలో తోచలేదు. "చదివాక బుర్రలో మిగిలింది రాద్దాం" అన్నాడు మాలో ఒకడు. ఆ మాట అన్నవాడి గురించే ఈ వ్యాసం.

నిల్వ గడిలో ఎవరికి తోచింది వారు రాశాం. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' (1922) ఎదురుగా "చాలా పెద్దది, కానీ మా తాత మాట్లాడినట్టే ఉంది" అని ఉంది. జాషువా 'గబ్బిలం' (1941) ఎదురుగా మొదట "అర్థం కాలేదు" అనీ, కింద వేరే సిరాతో "పైకి చదివితే అర్థమైంది" అనీ ఉంది. తన గోడు శివుడికి విన్నవించమని ఒక నిరుపేద గబ్బిలాన్ని బతిమాలడం ఆ కావ్యం. స్టడీ అవర్ అయ్యాక ఒకడు పద్యం చదువుతుంటే మిగతావాళ్లం చాపల మీద కూర్చుని విన్నాం. అంబేద్కర్ 'కుల నిర్మూలన' దగ్గర "చెప్పనివ్వని ఉపన్యాసం" అని మాత్రమే ఉంది. లాహోరు సభకు ఆయన సిద్ధం చేసుకున్న ప్రసంగాన్ని నిర్వాహకులు భయపడి వద్దంటే, 1936లో తానే పుస్తకంగా అచ్చువేయించారు కదా!

2005 సంక్రాంతి సెలవులకు మా నిల్వ మిత్రుడు 'ఏడు తరాలు' తీసుకుని ఇంటికి వెళ్లాడు. అలెక్స్ హేలీ రాసిన నవలకు సహవాసి గారి తెలుగు. ఆఫ్రికాలో కుంటా కింటే అనే కుర్రాణ్ణి పట్టుకుపోయి బానిసగా అమ్మితే, ఏడో తరంవాడు తన మూలాలు వెతుక్కున్న కథ. సెలవులు అయిపోయాయి, వాడు రాలేదు. పుస్తకం కోసం నలుగురు కాచుకుని ఉన్నారు. ఫిబ్రవరిలో రిజిస్టరులో వాడి పేరు ఎదురుగా ఎర్ర సిరాతో "బాకీ" అని రాశాం. మార్చిలో, ఇక వాడికి పుస్తకం ఇచ్చేది లేదని పేరే కొట్టేశాం.

చివరికి నలుగురం బస్సెక్కి వాడి ఊరు వెళ్లాం. దాచడమెందుకు, వెళ్లింది పుస్తకం కోసమే. వాడు మిరప కళ్లంలో ఉన్నాడు. పండక్కి వచ్చిన వారానికే తండ్రి మంచాన పడ్డాడట. మమ్మల్ని చూడగానే ఇంట్లోకి పరుగెత్తి, సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసిన పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. "నలగలేదురా, చూసుకోండి" అన్నాడు. మేం తలెత్తలేకపోయాం.

రాత్రుళ్లు ఆ కళ్లం దగ్గరే లాంతరు పెట్టుకుని కూలీలకు ఆ నవల చదివి వినిపిస్తున్నాడట. వాళ్లమ్మ మాకు మంచినీళ్లిస్తూ, "ఆ పిలగాడు చివరికి వాళ్లమ్మ దగ్గరికి చేరాడా నాయనా?" అని అడిగింది. చేరడని మాకు తెలుసు. ఎవరం చెప్పలేదు. పుస్తకం అక్కడే వదిలేసి వచ్చాం.

అప్పటికే పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. జనవరిలోనే వెళ్లి ఉంటే మనిషికి ఇంత వేసుకుని ఫీజు కట్టేవాళ్లం, వార్డెన్ గారికి చెప్పి హాజరు సంగతి చూసేవాళ్లం. పుస్తకం రాలేదని లెక్క రాశాం గానీ, మనిషి రాలేదని రాసుకోలేదు. కొట్టేసిన పేరు మళ్లీ రాశాం. వాడు మాత్రం మళ్లీ కాలేజీకి రాలేదు.

ఆ రిజిస్టరు తిరగేస్తే ఇంకో లోటూ కనిపిస్తుంది. మూడేళ్లలో ఒక్క దళిత స్త్రీ రచనైనా మేం రాసుకోలేదు. గోగు శ్యామల గారి సంపాదకత్వంలో 'నల్లపొద్దు' మేం చేరిన 2003లోనే వచ్చిందని చాలా ఆలస్యంగా తెలిసింది. మీరు అక్కడి నుంచి మొదలుపెట్టండి. తర్వాత కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' (2000) చదవండి. నవ్వుకోవాలనిపిస్తే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' తీయండి. గబ్బిలం ఒక్కరే చదవకండి, నలుగురూ కూర్చుని పైకి చదవండి. మాలపల్లి వేసవి సెలవులకు అట్టేపెట్టుకోండి.

ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి. పుస్తకం దొరకడం మాకున్నంత కష్టం కాదు. అయినా ఒక రిజిస్టరు పెట్టుకోండి, అర్థం కాకపోతే కాలేదనే రాయండి. మా అయిదు గళ్ల పక్కన ఆరో గడి ఒకటి గీసుకోండి. సెలవుల తర్వాత ఎవరు తిరిగి వచ్చారో, ఎవరు రాలేదో అందులో రాయండి. రాని వాడి ఇంటికి పుస్తకం అడగడానికి కాకుండా ముందే వెళ్లండి.

ఈ వ్యాసం మా మిత్రుడికి ఫోనులో చదివి వినిపించాకే పంపుతున్నాం. పేరు వద్దన్నాడు. వాడు ఇప్పటికీ ఆ ఊళ్లోనే సేద్యం చేసుకుంటున్నాడు, కూతురు గురుకులంలో చదువుతోంది. "తమ్ముళ్లకు నీ తరఫున ఏ పుస్తకం చెప్పమంటావు?" అని అడిగితే, "అదే, ఏడు తరాలు" అన్నాడు. నిల్వ గడిలో ఏం రాయమంటావంటే కాసేపు ఊరుకుని, "మా అమ్మ అడిగిన మాట రాయండిరా" అన్నాడు.

రాశాం.

ఇట్లు,
మీ అన్నలు,
2003–2006 బ్యాచ్