తాళాలు తీసుకునే ముందు

మా మామగారికి 74 ఏళ్ళు. ఆయన కారు 1983 మోడల్. ఆర్‌సీలో ప్రీమియర్ పద్మిని అని ఉంటుంది కానీ మా ఇంట్లో అందరికీ అది ఫియటే. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ముందుకి నాలుగే గేర్లు. చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాటి చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళాలంటే మా అత్తమ్మకి ఆ కారే కావాలి. మనవడికి వీసా వచ్చిందని 108 ప్రదక్షిణలు బాకీ కూడా ఉంది ఆవిడకి.

ఈమధ్య ఆ మర్రిచెట్ల రోడ్డు మీద గేరు మార్చినప్పుడల్లా తంటానే. మొదటి గేరు కర్రుమంటుంది. రెండో గేరు నుంచి మూడుకి వెళ్ళకుండా మధ్యలో ఇరుక్కుంటుంది. వెనకాల లారీలవాళ్ళు ఒకటే హారన్లు.

"మోకాళ్ళు సహకరిస్తలేవు నాయినా, ఇగ కారు అమ్మేద్దాం" అన్నారు మా వారు. మామగారు ఏమీ అనలేదు. తాళాలు తెచ్చి టీవీ పక్కన పెట్టేశారు. అత్తమ్మ గుడి మాటే ఎత్తడం మానేసింది.

మిక్సీ తిరగకపోతే మనం ముందు జారు మార్చి చూస్తాం కదా! లోపం జారుదో మోటారుదో తేలిపోతుంది. కారుకీ అలాంటి పరీక్ష ఉంటుందా అని మొయినాబాద్‌లో మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఉందట.

ఇంజిన్ ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, క్లచ్ పూర్తిగా నొక్కి ఒక్కో గేరూ వేసి చూడాలి. ఆపినప్పుడు మెత్తగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ సరిగ్గా విడిపోవడం లేదని అనుకోవాలి. ఆపినా కష్టంగానే ఉంటే కడ్డీ నుంచి గేర్‌బాక్స్ దాకా వెళ్ళే రాడ్లలోనో, గేర్‌బాక్స్‌లోనో లోపం.

నేనే కూర్చుని వేశాను. ఇరుక్కుంది. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి మరి! మా అబ్బాయిని కూర్చోబెట్టి, బానెట్ ఎత్తి టార్చి వేసి చూశాను. పైన కడ్డీ కొంత జరిగాక గానీ కింద రాడ్డు కదలడం లేదు.

మెకానిక్ వచ్చి చూసి, రాడ్ల దగ్గర బుష్‌లు అరిగిపోయాయన్నాడు. కొత్తవి వేసి, గ్రీజు పెట్టి, రాడ్లు సరిచేశాడు. మొదటి గేరుకి మాత్రం ఏమీ చెయ్యలేదు. ఈ కార్లలో ఆ గేరుకి సింక్రోమెష్ ఉండదట. బండి పూర్తిగా ఆగాక, క్లచ్ నొక్కి ఒక్క క్షణం ఆగి వెయ్యాలి.

"గది నాకు తెల్వదా బిడ్డా? ఎనకనుంచి హారన్లు కొడుతుంటే ఆగనిస్తరా?" అన్నారు మామగారు. నాలుగు రోజుల తర్వాత ఆయన నవ్వడం అదే.

కళ్ళ పరీక్ష కూడా చేయించాం. రాత్రిపూట నడపనని ఆయనంతట ఆయనే చెప్పారు. మా వారు తాళాలు తీసి ఆయన చేతికిచ్చారు. అత్తమ్మ శనివారానికి పులిహోర కలపమంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ బండి మొరాయిస్తుంటే, వాళ్ళ వయసు లెక్కపెట్టే ముందు ఒకసారి ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. పది నిమిషాల పని.