ఒకే చిరునామా, మూడు భాషలు

మా కళాశాల వరండాలో ప్రకటనల పలక ఒకటి ఉన్నది. దానిపై ఎడమవైపున తెలుగు కాగితము, కుడివైపున ఉర్దూ కాగితము అంటించడం మేము చేరిన నాటికే ఆచారము. కళ్ళజోడు మరచి వచ్చిన పెద్దలకు, అక్షరజ్ఞానము లేని తల్లిదండ్రులకు ఆ పలక పక్కన స్టూలుపై కూర్చుండే అటెండరుగారే దిక్కు. వచ్చినవారి మొదటి పలుకు విని, ఆ భాషలోనే ఆయన విషయం చెప్పడం మొదలుపెట్టేవారు. ఎదుటివారి ముఖంలో అర్థం కాని ఛాయ కనిపిస్తే తడుముకొనక రెండవ భాషలోనికి మారిపోయేవారు.

గత విద్యా సంవత్సరంలో ఈ ప్రకటనలను అంతర్జాలంలో ఉంచాలని అధ్యాపకులు సంకల్పించి, ఆ భారాన్ని కంప్యూటర్ శాఖలోని మా నలుగురిపై ఉంచారు. మాలో ఇద్దరము మేడ్చల్ నుండి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారము. తక్కిన ఇద్దరము శామీర్‌పేట నుండి ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారము. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడి ఈ రెండు ఊళ్ళూ దాని క్రిందికి వచ్చాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చట్టం చేసింది. కాబట్టి రెండు భాషలలోనూ ప్రకటనలు ఉండవలెనన్న విషయంలో మాకు చర్చ లేదు. చర్చ అంతా ఎవరికి ఏ భాష చూపాలన్న దగ్గరనే వచ్చింది.

సికింద్రాబాదు స్టేషను పలక వలె అన్ని లిపులనూ ఒకే చోట చూపుదామని ఒకరము అన్నాము. ఊరి పేరుకైతే అది చెల్లుతుంది. నిబంధనలు, తేదీలు, జతపరచవలసిన పత్రాల పట్టికతో కూడిన ప్రకటనను అరచేతి వెడల్పు లేని ఫోను అద్దంపై రెండు మార్లు చదివించడం శిక్షే. విద్యార్థుల జాబితాలోని పేర్లను బట్టి భాషను నిర్ణయిద్దామని మరొకరము అన్నాము. దీనిని మేము వెంటనే త్రోసిపుచ్చాము. నిజాము కాలపు బడులలో ఉర్దూలో చదివిన తెలుగు తాతలు మా ఇళ్ళలోనే ఉండేవారు. ఇంట ఉర్దూ మాట్లాడుతూ తెలుగు లిపినే ధారాళంగా చదివే మిత్రులు ఈనాడు మా తరగతిలోనే ఉన్నారు. పేరు చూసి భాషను ఊహించడం మర్యాద కూడ కాదు.

చివరకు మేము ఎన్నుకొన్నది కంటెంట్ నెగోషియేషన్ అనే పద్ధతి. ఇతర శాఖల పాఠకుల కోసం దీనిని కొంత వివరించవలసి ఉన్నది. మనము ఫోనులో ఒక పుటను కోరినప్పుడు, బ్రౌజరు ఆ కోరికతోపాటు మనకు కనిపించని కొన్ని పంక్తులను కూడ సర్వరుకు పంపుతుంది. వాటిలో యాక్సెప్ట్-లాంగ్వేజ్ అనేది ఒకటి. అందులో తెలుగుకు టీ-ఈ, ఉర్దూకు యూ-ఆర్, ఆంగ్లానికి ఈ-ఎన్ అనే రెండక్షరాల గుర్తులు, వాటి పక్కన సున్నా నుండి ఒకటి వరకు క్యూ అనే విలువ ఉంటాయి. విలువ వ్రాయకుంటే ఒకటి అని అర్థము. సున్నా అంటే ఆ భాష వద్దని అర్థము. తెలుగుకు 1, ఆంగ్లానికి 0.8 అని వస్తే "తెలుగు ఉంటే తెలుగు ఇవ్వండి, లేకుంటే ఆంగ్లమైనా సరే" అన్నమాట. సర్వరు తన వద్దనున్న ప్రతులతో దానిని సరిపోల్చి ఒకదానిని పంపుతుంది. చిరునామా మాత్రం అందరికీ ఒక్కటే. ఇదే తీరున యాక్సెప్ట్ అనే పంక్తి ద్వారా పుట యొక్క రూపాన్ని కూడ కోరవచ్చు. మనుష్యులకు హెచ్‌టీఎంఎల్ రూపము, మరొక ప్రోగ్రాముకు జేసన్ రూపము అందుతాయి. 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 నిర్దేశ పత్రంలోనే ఈ ఏర్పాటంతా ఉన్నది.

చదివినంత సేపు ఇది మా అటెండరుగారినే యంత్రంగా మలచినట్లు తోచింది. వారం దినాలలో ప్రోగ్రాము వ్రాశాము. మాతృభాషాభిమానంతో తెలుగు, ఉర్దూ ప్రతులను మాత్రమే సిద్ధం చేశాము.

మొదటి దినమే పరాభవము. కోరిన భాష మన వద్ద లేనప్పుడు 406 అనే సంఖ్యతో నిరాకరణ పంపవచ్చునని నిర్దేశ పత్రం చెబుతున్నది. మేము దానిని అక్షరాలా పాటించాము. తరగతిలో దాదాపు అందరి ఫోన్లకూ ఆ నిరాకరణే వచ్చింది! కారణము విచారించగా, ఆ ఫోన్లన్నీ దుకాణంలో కొన్ననాటి నుండి ఆంగ్లంలోనే ఉన్నవి. అమర్పులు మార్చవచ్చునన్న ఊహ కూడ ఎవరికీ లేదు. పైగా తెలుగు పెట్టుకొన్న ఒకరిద్దరికి సైతం నిరాకరణ వచ్చింది. వారి ఫోను "భారతదేశపు తెలుగు" అనే తోక గల గుర్తును పంపగా, మా ప్రోగ్రాము వట్టి "తెలుగు" అన్న గుర్తుతో దానిని పోల్చి, రెండూ వేరని తేల్చింది. తోకను తొలగించి మరల వెదకవలెనని 2006 నాటి మరొక పత్రంలో స్పష్టంగా ఉన్నది. మేము అంతవరకు చదువలేదు.

తోకను సరిచేశాము. ఆంగ్ల ప్రతిని కూడ చేర్చి, ఏదీ కుదరనప్పుడు 406కు బదులు దానినే పంపేటట్లు మార్చాము. ఫిర్యాదులు ఆగిపోయాయి. పని పూర్తయిందని సంతోషించాము.

నడుమ ఒక వినోదము జరిగింది. చిన్న సర్వరుపై భారం తగ్గించుటకై, ఒకసారి తయారైన పుటను దాచి తరువాతి వారికి అందించే క్యాష్‌ను మేము సర్వరు ముందు నిలిపాము. ఒకనాటి ఉదయం ఎవరో ఉర్దూ అమర్పు గల ఫోనుతో మొదట అడిగారు. మధ్యాహ్నం వరకు కళాశాల యావత్తుకూ ఉర్దూ పుటయే దర్శనమిచ్చింది. పుట కుడి నుండి ఎడమకు తిరిగి ఉండడం చూసి, ఫోను చెడిపోయిందని మిత్రుడొకడు మేడ్చల్ బజారులో మరమ్మతు దుకాణానికి కూడ వెళ్ళివచ్చాడు. జవాబుతోపాటు వేరీ అనే పంక్తిని పంపి, "ఈ పుట కోరిన భాషను బట్టి మారుతుంది, ఒకరిది మరొకరికి ఇవ్వరాదు" అని క్యాష్‌కు చెప్పి ఉండవలసినది. ఆ పంక్తిని చేర్చగా మరొక చిక్కు వచ్చింది. ఒక్కొక్క ఫోను పంపే భాషల వరుస ఒక్కొక్క తీరు గనుక, ఒకే పుటకు లెక్కలేనన్ని ప్రతులు పోగుపడ్డాయి. క్యాష్ వరకు చేరకముందే ఆ వరుసను మూడు గుర్తులలో ఒకటిగా కుదించడంతో అది తీరింది.

ఇక చెప్పుటకు మనసొప్పని సంగతి. శామీర్‌పేట చెరువు వైపు బస్తీ నుండి వచ్చే ఒక విద్యార్థిని మా తరగతికి జూనియరు. ఉపకార వేతనం దరఖాస్తుకు కావలసిన పత్రాల ప్రకటనను మేము మా పుటలో ఉంచిన వారంలో ఆమె జ్వరంతో కళాశాలకు రాలేదు. ఆ పుట చిరునామాను స్నేహితురాలు ఆమె తండ్రిగారి ఫోనుకు పంపింది. ఆయన ఉర్దూ పత్రికను మొదటి పుట నుండి చివరి పుట వరకు చదువగలవారు. ఆంగ్లంలో సంతకం దాటి ఎరుగరు. ఆయన ఫోను ఆంగ్లంలో ఉన్నది. అందుచేత మా సర్వరు, మేము నేర్పినట్లే, ఆంగ్ల ప్రతిని చూపింది. ఉర్దూ ప్రతి అదే సర్వరులో, అదే చిరునామా వెనుక ఉన్నది. దానిని కోరే మార్గము ఆయనకు లేదు. గడువు దాటిన తరువాత కూతురితో కార్యాలయానికి వచ్చి, "ఫీజు కా కాగజ్ సమఝా మై, బేటా" అని మాతోనే అన్నారు. ఆదాయ ధృవపత్రం సకాలంలో చేరలేదు. ఆ ఏటి ఉపకార వేతనం ఆ అమ్మాయికి అందలేదు. మా పుట చూసి మోసపోయానని ఆయన అనలేదు గాని, మాకు ఆ రాత్రి నిద్ర లేదు.

మరునాడు నిర్దేశ పత్రాన్ని మరల తెరిచాము. 2022 జూనులో వచ్చిన కొత్త ప్రతిలో, చదివేవారికి ఏది ఉత్తమమో సర్వరు కచ్చితంగా నిర్ణయించడం అసాధ్యమన్న మాట ఉన్నది. మేము దానిని ముందే చదివి, విద్యార్థి సహజమైన తొందరలో దాటిపోయాము. ఫోను పంపే పంక్తిని మేము పాఠకుని మాటగా భావించాము. అది ఫోను తయారుచేసినవారి మాట, మహా అయితే అమ్మినవారి మాట. అటెండరుగారు చేసే రెండవ పని, అంటే ముఖం చూసి భాష మార్చుకోవడం, మా ప్రోగ్రాములో లేనేలేదు.

ఇప్పుడు ప్రతి పుట పైభాగాన మూడు భాషల పేర్లు వాటి వాటి లిపులలోనే ఉన్నవి. ఉర్దూ చదివేవానికి "ఉర్దూ" అన్న పేరును ఆంగ్లంలో చూపడం ఎంత వృథాయో మొదట మాకు తట్టకపోవడం సిగ్గుచేటు. ఒక పేరును తాకితే ఆ ఎంపిక కుకీలో నిలుస్తుంది. తరువాత ఫోను ఏమి పంపినా ఆ ఎంపికకే పెద్దపీట. మూడు ప్రతులకూ మూడు సొంత చిరునామాలు కూడ ఇచ్చాము, ఉర్దూ ప్రతినే నేరుగా ఇతరులకు పంపుకొనేటందుకు. ఫోను పంక్తిని మాత్రం పూర్తిగా తొలగించలేదు. ఏ ఎంపికా చేయనివారికి మొదటి పలుకుగా అది ఉపయోగపడుతూనే ఉన్నది. నస్తాలీఖ్ అక్షరాలు కొన్ని ఫోన్లలో బల్లపరుపుగా నిలుచుంటున్నవని పెద్దలు నొచ్చుకొనగా నోటో నస్తాలీఖ్ అక్షరరూపాన్ని జతచేశాము. పుట తెరుచుకొనుటకు కొంత ఆలస్యమవుతున్నది, అయినా దానిని తీసివేయదలచుకోలేదు.

ఆ అమ్మాయి ఈ ఏడు తానుగా వచ్చి ఉర్దూ ప్రకటనలను సరిచూసే పని తీసుకొన్నది. మా ఉర్దూలో అచ్చుతప్పులు ఎక్కువని ఆమె తండ్రిగారి అభిప్రాయమట. దరఖాస్తు ఫారాలు మాత్రం నేటికీ ఆంగ్లంలోనే ఉన్నవి. వాటిని ఈ వేసవి సెలవులలో టైపు చేయుటకు మేము నలుగురము, ఆమె కూడ, కంప్యూటర్ గది తాళము అడిగి ఉంచాము.