టెస్ట్ ఫోల్డర్‌లో మన పేర్లు (7వ భాగం)



పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు: "అన్నా, సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కులం ఎక్కడ కనపడుద్ది?" క్యాంటీన్‌లో కొంచెం కనపడుద్ది. నాకు బాగా కనపడింది మాత్రం ఒక ఫోల్డర్‌లో.

అప్పుడు నాకు అప్పగించింది ఎవరూ కోరుకోని పని. పాత ప్రాజెక్టులో టెస్ట్ డేటా ఫైళ్ళన్నీ వెతికి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో జాబితా రాయాలి. కోడ్ రాసినోడికి పేరొస్తుంది. ఇది ఊడ్చే పని. అది నాకే ఎందుకొచ్చిందో ఇక్కడ వాదించను.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. ప్రోగ్రామ్ సరిగా నడుస్తుందో లేదో చూడ్డానికి కొన్ని ఉత్తుత్తి వివరాలు పెట్టుకుంటారు. అదే టెస్ట్ డేటా. అది లేకపోతే ఏమవుద్దో 2018 ఫిబ్రవరిలో చూశాం. మన 'జ్ఞా' అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ 11.2.6 అని కొత్త వెర్షన్ వదిలి సరిచేసుకుంది. జ్ఞానమంటే ఫోన్లకి కూడా భయమే అని మేం నవ్వుకున్నాం. కాబట్టి టెస్ట్ డేటా ఉండాల్సిందే. ఎక్కడినుంచి తెచ్చారన్నదే గొడవ.

ఫిక్చర్స్, శాంపిల్, సీడ్ అనే పేర్లున్న ఫోల్డర్లు ముందు చూశాను. తర్వాత గ్రెప్ పెట్టి, పన్నెండు అంకెలు వరసగా ఉన్న చోటల్లా వెతికాను. పన్నెండంటే ఆధార్.

చాలా ఫైళ్ళలో ఉత్తుత్తి మనుషులే. కిరణ్ రెడ్డి, లక్ష్మీ చౌదరి, ఎవరో శర్మ. రాసినోళ్ళు వాళ్ళ వాళ్ళ చుట్టాల పేర్లు పెట్టుకున్నట్టుంది. ఒక ఫైల్ మాత్రం తేడాగా ఉంది. 412 వరసలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు. కులం గడిలో ఎస్సీ మాల, ఎస్సీ మాదిగ. తండ్రి పేర్లు పోలయ్య, యేసోబు, దానియేలు. అక్కడే నా చెయ్యి ఆగింది. కల్పించడానికి కూర్చున్నోడికి మన పేర్లు తట్టవు. తట్టాయంటే కల్పించినవి కాదు.

అనుమానం చాలదు కదా. ఆధార్‌లో చివరి అంకె ఊరికే రాదు. ముందున్న పదకొండు అంకెల నుంచి ఒక లెక్క ప్రకారం వస్తుంది. వెర్‌హోఫ్ అనే డచ్ గణితవేత్త 1969లో ప్రచురించిన పద్ధతి అది. నోటికొచ్చిన అంకెలు కొడితే పదింటిలో ఒకటే ఆ లెక్కకు నిలబడుద్ది. అంటే 412లో నలభై చిల్లర. చిన్న స్క్రిప్ట్ రాసి నడిపాను. 412కి 412 నిలబడ్డాయి.

లెక్క చూసుకుని తయారుచేసినా నిలబడతాయిలే అని ఇంకా ఆశ. మా అమ్మ మిరప కల్లాల్లో తాలు ఏరినట్టు ఒక్కో వరసా చూసుకుంటూ పోయాను. బ్యాంకు కోడ్‌ల దగ్గరికొచ్చేసరికి ఒకటి తెలిసిన కోడ్. చిలకలూరిపేటలో నా ఖాతా ఉన్న బ్రాంచిది. నేను డిగ్రీలో స్కాలర్‌షిప్ తీసుకుంది అక్కడే.

మేనేజర్ దగ్గరికెళ్ళాను. "టెస్ట్ డేటానే కదా బ్రో, లైట్ తీస్కో" అన్నాడు.

"ఇది 412 మంది పిల్లల డేటా సర్."

"అయితే డిలీట్ కొట్టేయ్."

డిలీట్ కొడితే పోదు. గిట్‌లో పాత చరిత్ర అంతా ఉంటుంది. ఈరోజు ఫైల్ తీసేసినా నిన్నటి కాపీ తవ్వితే వస్తుంది. అప్పటికే ప్రాజెక్టు దించుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. చరిత్ర తిరగరాయాలి, అందరి కాపీలూ చెరిపించాలి, డేటా ఇచ్చినవాళ్ళకి చెప్పాలి. ఇవన్నీ మెయిల్‌లో రాశాను. నోటిమాటగా ఉంటే నేను గొడవలమారినని తేల్చేస్తారు.

ఇది ఒక్క ఆఫీసు కథ కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరైనా చూసేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం, మతం కూడా అందులో ఉన్నాయి. ఇల్లు కావాలన్నా ఫీజు కావాలన్నా మనం అన్నీ రాసివ్వాలి. రాసిచ్చినవాళ్ళ వివరాలే జారిపోతాయి. కట్టుకోగలిగినోడు ఆ ఫారమే నింపడు.

మూడు వారాలకి ఒక శనివారం చరిత్ర తిరగరాశారు. ఆ పిల్లలకి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాలంటే ఆ జాబితా నా దగ్గర ఉంచుకోవాలి. ఉంచుకుంటే వాళ్ళకీ నాకూ తేడా ఏముంది? నా కాపీ కూడా చెరిపేశాను. అది సరైన పనేనా అని ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు. మీలో లా చదివేవాళ్ళు కామెంట్లలో చెప్పండి.

ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సోమవారం మీ ప్రాజెక్టు టెస్ట్ ఫోల్డర్‌లో పన్నెండు అంకెల కోసం వెతకండి. దొరికితే స్క్రీన్‌షాట్ తియ్యకండి, ఇంటికి పంపుకోకండి. ఫైల్ ఎక్కడుందో, ఎన్ని వరసలో రాసి మెయిల్ పెట్టండి. కంపెనీ మెయిల్ నుంచే.