క్యాసెట్‌లో కిక్రి

ఉట్నూరు వైపు గూడేల నుంచి మేము కరీంనగర్ వెళ్లి ఉపాధ్యాయ శిక్షణ చదివే రోజుల్లో, మా వెంట ఒక క్యాసెట్ ఉండేది. మా పర్ధాన్ తాత కిక్రి మీద పాడిన గోత్ర కథ అది. చిన్నప్పుడు ఆ కథ తెల్లవార్లూ నడిచేది. మేము మధ్యలోనే నిద్రపోయేవాళ్లం. సగం మాటలు మాకు తెలిసింది క్యాసెట్ వల్లే, ఆ మేలు కాదనం.

కానీ ఒక్కో వైపు 30 నిమిషాలే. గూడెంలో తాతకు ఆ తొందర లేదు. పెద్దలు ఊకొడితేనే ముందుకు పోయేవాడు. ఎవరైనా ఆలస్యంగా వస్తే వాళ్ల తాతల పేర్లు కలిపి మళ్లీ అందుకునేవాడు. మూడు తీగల్లో ఒకటి సడలితే, గుర్రపు వెంట్రుకల కమాను పక్కన పెట్టి, బిగించుకుంటూ చెప్పే ముచ్చట్లు కూడా మాకు కథే. రికార్డు చేసిననాడు అవన్నీ వదిలేశాడు. పాట శుభ్రంగా ఉంది, మనిషి తక్కువైనాడు.

ఇప్పుడు నాగోబా జాతరలో మా పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టి రెండు నిమిషాల ముక్క తీసుకుంటున్నారు. మేమూ తీస్తాం.

తాత పోయిండు. మొన్న బడిలో ఆ క్యాసెట్ వినిపించాం. టేపు ఆగగానే ఐదో తరగతి పిల్ల, "తర్వాత ఏమైంది సార్?" అన్నది.

మిగతా కథప్పుడు మేము నిద్రలో ఉన్నాం.