అంగడి యద్దె, బండ్ల చోటు

అంగడిని అద్దెకిచ్చువారు గోడలను, షట్టరును, కరెంటు మీటరును చూపుదురు. బండి నిలుపు చోటును చూపువారు అరుదు. కలహము మాత్రము అక్కడనే పుట్టును.

హైదరాబాదులోని మా చిన్న కట్టడమున నేలమాళిగను బండ్లకని నక్షాలో చూపియే అనుమతి పొందితిమి. 2012లో వెలువడిన భవన నియమములు వాణిజ్య కట్టడములకు ఆ చోటును మొత్తము కట్టుబడి వైశాల్యములో నింత పాలని నిర్ణయించినవి. ఒక వస్త్రవర్తకుడు వచ్చి, ఆ మాళిగను గోదాముగా నిచ్చినచో వేఱుగా నద్దె యిచ్చెదననెను. వీథిలో నందఱును చేయుచున్న పనియే గదా యని యింటి పెద్దలు పలికిరి. మా కోడలు మాత్రము, "బట్టల మూటలకు నిప్పంటుకొన్న, పైవారు ఏ త్రోవను దిగుదురు మామగారూ?" అని యడిగినది. 2022 సెప్టెంబరున సికిందరాబాదులో విద్యుత్ స్కూటర్ల అంగడిలో నిప్పు రేగి, పొగ పైనున్న వసతిగృహమున కెక్కి ఎనిమిదిమంది మరణించిరి. మేము వర్తకునికి కాదని చెప్పితిమి. అంగడి మూడు నెలలు ఖాళీగా నుండెను. ఆ నష్టము చిన్నది కాదు.

మాళిగ మూటలతో నిండిన, కొనవచ్చువారి బండ్లు వీథిని బడును. మొదట తొలగిపోవునది పండ్ల తోపుడుబండి. పిదప బడిపిల్లలు నడచు త్రోవ. మన యద్దెలో వారి చోటు కూడ అమ్ముడుపోవుచున్నది.

ఇక పత్రము మాట. ఏడాదికి మించిన గడువుగల కౌలు 1908 నాటి చట్టము ప్రకారము రిజిస్టరు కావలసినదే. బండ్ల సంగతియు దానిలోనే యుండవలెను. ఎన్ని కార్లు, ఎన్ని స్కూటర్లు, ఏ స్తంభము మొదలు ఏ స్తంభము వఱకు అని వ్రాసి, నక్షా ప్రతిని జతపఱచవలెను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను, అద్దెదారు సామాన్య శ్రద్ధతో కనుగొనలేని ముఖ్య లోపము యజమానికి తెలిసియున్న, దానిని చెప్పవలెననుచున్నది. చోటు ఇఱుకని కన్నులకే కనబడును. మాళిగపై వచ్చిన నోటీసు కనబడదు. దానిని దాచుట మోసమనియే మా తలంపు.

పనివారి బండ్లు ఉదయము వచ్చి రాత్రి వఱకు కదలవు. వానికి లోపలి వరుస, కొనువారికి ద్వారము చెంత. బట్టలంగడి భోజనశాలయైనచో మధ్యాహ్నము జనము ఒక్కుమ్మడిగ వత్తురు గనుక, వ్యాపారము మార్చుటకు మా వ్రాతపూర్వక సమ్మతి కావలెనని చేర్చితిమి. కావలివాని జీతము ఎవరు ఎంత యిచ్చుటయో కూడ వ్రాయించితిమి. తరువాత వచ్చిన కండ్లద్దాల వర్తకుడు వీనినన్నిటిని చదివి, వాలుదారి కడ దీపమొకటి పెట్టింపుడని మాత్రమడిగి సంతకము చేసెను.